రాతి పొడి ఊళ్ళో కంప్యూటర్‌కు ఏ ఫ్యాన్లు కొనాలి?

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. కర్నూలు రోడ్డు పక్కన పెళ్ళి ఆల్బమ్‌లు, వీడియో ఎడిటింగ్ చేసే చిన్న స్టూడియో నడుపుతున్నాను. చుట్టూ గ్రానైటు కోత, పాలిషింగ్ యూనిట్లే. రోజుకు పది గంటలు, నెలకు పాతిక రోజులు సిస్టమ్ ఆన్‌లో ఉంటుంది. క్యాబినెట్‌లో ముందు రెండు, వెనక ఒకటి, మొత్తం మూడు లైట్ల ఫ్యాన్లు ఉన్నాయి. కొన్న పద్నాలుగు నెలలకే రెండు గరగరమంటున్నాయి, ఒకటి ఆగి ఆగి తిరుగుతోంది. రెండరింగ్, అంటే ఎడిట్ చేసిన వీడియోను పూర్తి ఫైలుగా తయారుచేయడం, పెడితే ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటి పని మందగిస్తోంది. ఒంగోలులో అడిగితే మూడు లైట్ల ఫ్యాన్ల సెట్టు 1,200 రూపాయలన్నారు. లైట్లు లేని నల్ల ఫ్యాను ఒక్కొక్కటి 850 అట. ఇంకొకాయన, కొంటే విదేశీ ఫ్యానే కొనాలి, ఒక్కొక్కటి 2,800 అన్నాడు. పనితనం, ధర, మన్నిక మూడూ చూసుకుంటే ఏది తీసుకోవాలి? కొత్తపట్నంలో మా అన్నయ్యకు నెట్ సెంటర్ ఉంది. అక్కడ కూడా ఫ్యాన్లు త్వరగా పోతున్నాయి. ఆయనకూ ఇవే పనికివస్తాయా?

సమాధానం: మీ ఉత్తరంలో వివరాలన్నీ ఉన్నాయి కాబట్టి నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మీ ఊరికి, మీ పనికి 850 రూపాయల నల్ల ఫ్యాన్లు సరైనవి, అయితే బేరింగు, అంటే ఇరుసును పట్టి తిరగనిచ్చే భాగం, ఏ రకమో చూసి తీసుకోవాలి. లైట్ల సెట్టు మళ్ళీ కొనవద్దు. 2,800 రూపాయల ఫ్యాను మంచి వస్తువే, కానీ మూడూ అవే కొనడం మీ అవసరానికి మించిన ఖర్చు. అయితే ఒంగోలు బస్సు ఎక్కే ముందు, లోపం అసలు ఫ్యాన్లలోనే ఉందో లేదో ఇంట్లోనే తేల్చుకోవాలి.

దానికి పరీక్ష తేలికే. ఒకే క్లిప్పును, పది నిమిషాలు పట్టేదాన్ని, రెండుసార్లు రెండర్ చేయండి. మొదటిసారి క్యాబినెట్ మూసి ఉంచి, రెండోసారి పక్క తలుపు తీసి పక్కన పెట్టి చేయండి. రెండుసార్లూ ప్రాసెసర్ వేడితోపాటు గది వేడి కూడా రాసుకోండి, ఎందుకంటే ఏ ఫ్యానూ ప్రాసెసర్‌ను గది వేడికంటే చల్లబరచలేదు. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం 40 డిగ్రీల గదిలో వచ్చిన అంకెను, తెల్లవారుజామున 30 డిగ్రీల గదిలో వచ్చిన అంకెతో పోలిస్తే పది డిగ్రీల తేడా ఊరికే కనబడుతుంది. తలుపు తీసినప్పుడు ఏడెనిమిది డిగ్రీలు దిగితే క్యాబినెట్‌లోకి గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు ఫ్యాన్లు కొనడం న్యాయం. ఒకటి రెండు డిగ్రీలకు మించి దిగకపోతే లోపం ప్రాసెసర్ మీది కూలర్‌లోనో, ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోవడంలోనో ఉన్నట్టు. అలాంటప్పుడు మూడు విదేశీ ఫ్యాన్లకు 8,400 పెట్టినా మీ రెండరింగ్ వేగం పెరగదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95 డిగ్రీలు గరిష్ఠ హద్దు. ఆ హద్దు తాకగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. మీరు మందగిస్తోందని రాసింది దాని గురించే అయి ఉండాలి.

కూలర్‌ను పైనుంచి చూసి శుభ్రంగానే ఉందనుకోవద్దు. మీ ఊళ్ళో రాయి కోసేటప్పుడు నీటితో కలిసిన పొడి బురదలా బయటికి వస్తుంది, అది ఆరిన తర్వాత గాలికి లేస్తుంది. అందులో సన్నని రేణువులు ఫ్యాను రెక్కల మధ్యనుంచి దూరిపోయి, ఫ్యానుకు వెనక, అల్యూమినియం రేకుల ముందంచున ఆగుతాయి. వానాకాలపు తేమ తగిలాక అక్కడ బూడిదరంగు అట్టలా గట్టిపడతాయి. ఆ అట్ట ఫ్యాను బిగించి ఉండగా కనబడదు, నాలుగు మరలు లేదా రెండు తీగ క్లిప్పులు విప్పి ఫ్యానును పక్కకు తీస్తేనే కనబడుతుంది. దాన్ని బ్రష్షుతో దులిపి, పేస్టు మార్చి, తర్వాత మళ్ళీ అదే పరీక్ష చేయండి.

ఫ్యాన్ల లోపమేనని తేలాక అడగాల్సిన మొదటి ప్రశ్న మనకు ఎంత గాలి కావాలని. ఇక్కడే ఎక్కువమంది డబ్బు వృథా చేసుకుంటారు. దీనికి ఒక చిన్న లెక్క ఉంది. సిస్టమ్ ఖర్చుచేసే వాట్లను, గంటకు లోపలికి వచ్చి బయటికి పోయే గాలితో, అంటే ఘనపు మీటర్లతో, భాగించి మూడుతో గుణిస్తే, క్యాబినెట్ లోపలి గాలి గది గాలికంటే ఎన్ని డిగ్రీలు వేడెక్కుతుందో ఉజ్జాయింపుగా వస్తుంది. రెండరింగ్‌లో మీ ప్రాసెసర్, గ్రాఫిక్ కార్డు కలిసి 350 వాట్లు లాగుతున్నాయనుకుందాం. గంటకు 100 ఘనపు మీటర్ల గాలి నిజంగా ఆడితే లోపల పెరిగే వేడి సుమారు పదిన్నర డిగ్రీలు. గాలిని 200కు పెంచితే అది ఐదుంబావుకు దిగుతుంది, అంటే ఐదు డిగ్రీల పైచిలుకు లాభం. అక్కడినుంచి 300కు పెంచితే వేడి మూడున్నర డిగ్రీలకు దిగుతుంది, లాభం రెండు డిగ్రీలు కూడా లేదు. ఎండాకాలంలో గాలి కాస్త పలుచబడుతుంది కాబట్టి ఈ అంకెలన్నీ కొద్దిగా పెరుగుతాయి, కానీ వరుస మారదు. మొదటి వంద ఘనపు మీటర్ల గాలికి పెట్టే డబ్బుకు మంచి ఫలితం ఉంటుంది, రెండో వందకు పరవాలేదు, మూడో వందకు పెట్టేదానివల్ల శబ్దం, దుమ్ము పెరుగుతాయి తప్ప చెప్పుకోదగ్గ చల్లదనం రాదు. మీ ఊళ్ళో లోపలికి వచ్చే ప్రతి ఘనపు మీటరు గాలీ కొంత రాతి పొడిని మోసుకొస్తుంది కాబట్టి, అవసరానికి మించిన గాలి మీకు ఖర్చే కాదు, హాని కూడా.

పెట్టె మీద అచ్చువేసిన అంకెలను ఎలా చదవాలో ఇప్పుడు చూద్దాం. గాలి పరిమాణాన్ని కొందరు సీఎఫ్ఎంలో, అంటే నిమిషానికి ఘనపు అడుగుల్లో ఇస్తారు. దాన్ని 1.7తో గుణిస్తే గంటకు ఘనపు మీటర్లు వస్తాయి. రెండో అంకె స్టాటిక్ ప్రెషర్, అంటే అడ్డు ఉన్నప్పుడు గాలిని నెట్టగల ఒత్తిడి. దాన్ని నీటి మిల్లీమీటర్లలో ఇస్తారు. ఈ రెండింటి గురించి అంగడివాళ్ళు చెప్పనిది ఒకటుంది. మొదటి అంకె ఫ్యాను ముందు ఏ అడ్డూ లేనప్పుడు వచ్చేది, రెండో అంకె గాలి దారి పూర్తిగా మూసేసినప్పుడు వచ్చేది. ఈ రెండు స్థితులూ మీ క్యాబినెట్‌లో ఎప్పుడూ ఉండవు. ముందు జాలీ, దానివెనక దుమ్ము ఫిల్టరు, ఆ ఫిల్టరు మీద వారం రోజుల పొడి ఉన్నప్పుడు మీకు అందే గాలి పెట్టె మీది అంకెలో సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి ఫిల్టరు వెనక పనిచేయాల్సిన ఫ్యానుకు గాలి అంకెకంటే ఒత్తిడి అంకె ముఖ్యం. 120 మిల్లీమీటర్ల ఫ్యానుకు ఈ ఒత్తిడి 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉంటే మీ అవసరం తీరుతుందని నా లెక్క. ఏ ఒత్తిడీ రాయని పెట్టెను పక్కన పెట్టేయండి.

ఖరీదైన ఫ్యానుకు, మధ్యరకం ఫ్యానుకు ఈ అంకెల్లో తేడా ఎంతో ఒక ఉదాహరణతో చెబుతాను. ఆస్ట్రియా కంపెనీ నోక్టువా 2018లో తెచ్చిన ఎన్ఎఫ్-ఏ12x25 ఫ్యాను నిమిషానికి 2,000 చుట్లు తిరిగి గంటకు 102 ఘనపు మీటర్ల గాలినీ, 2.34 మిల్లీమీటర్ల ఒత్తిడినీ ఇస్తుందని ఆ కంపెనీ చెబుతుంది. ఆర్కటిక్ కంపెనీ పీ12 పీడబ్ల్యూఎమ్ ఫ్యాను 1,800 చుట్ల దగ్గర 56.3 సీఎఫ్ఎం, అంటే సుమారు 96 ఘనపు మీటర్ల గాలిని, 2.2 మిల్లీమీటర్ల ఒత్తిడిని ఇస్తుంది. గాలిలో తేడా ఆరేడు శాతమే. మొదటిదాని గొప్పతనం మరోచోట ఉంది. దాని రెక్కల కొసలకు, చట్రానికి మధ్య సందు అర మిల్లీమీటరే. ఆ సందు అలాగే ఉండిపోవడానికి, వేడికి, వేగానికి సాగని ప్రత్యేకమైన ప్లాస్టిక్ వాడారు. అందువల్ల అదే చల్లదనాన్ని తక్కువ శబ్దంతో ఇస్తుంది. మీరు చెల్లించే అదనపు సొమ్ములో ఎక్కువ భాగం ఆ నిశ్శబ్దానికే. మీరు స్టూడియోలోనే మైకు పెట్టి వ్యాఖ్యానం రికార్డు చేసే పనుంటే ఆ ఖర్చు సబబే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎడిటింగ్ చేస్తూ, కిటికీ అవతల కోతమిషన్ల మోత వినబడే గదిలో ఆ నిశ్శబ్దం మీదాకా రాదు. ఇంకొక మాట. శబ్దాన్ని ఒక కంపెనీ డెసిబెల్లలో, ఇంకొకటి సోన్‌లలో ఇస్తుంది కాబట్టి పెట్టెలు పక్కపక్కన పెట్టి శబ్దాన్ని పోల్చడం కుదరదు.

ఇక మన్నిక దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న ఇదేనని నాకనిపించింది. ఫ్యానులో మోటారు కాలిపోవడం అరుదు, పోయేది బేరింగే. చవక ఫ్యాన్లలో ఉండేది స్లీవ్ బేరింగు: నూనె పీల్చుకున్న చిన్న లోహపు గొట్టంలో ఇరుసు తిరుగుతుంది. బండి ఇరుసుకు కందెన ఆరిపోతే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది, కాకపోతే ఇక్కడ మళ్ళీ కందెన వేసేవాళ్ళు ఉండరు. వేడికి నూనె పలుచబడి, ఆవిరై, చివరికి జిగటపడుతుంది. అందులో రాతి పొడి కలిస్తే సానబట్టినట్టు ఇరుసు అరుగుతుంది. ఫ్యానును నిలువుగా, అంటే క్యాబినెట్ ముందో వెనకో బిగిస్తే స్లీవ్ బేరింగు కొంతకాలం నెట్టుకొస్తుంది. క్యాబినెట్ పైకప్పుకు అడ్డంగా బిగిస్తే నూనె ఒకవైపుకు చేరి, రెక్కల బరువు ఇరుసు ఒక కొసమీదే పడి ఇంకా త్వరగా పోతుంది. రైఫిల్ బేరింగు అనేది దీనికి కాస్త మెరుగుపరచిన రూపం, నూనెను తిప్పే గాడి ఒకటి అదనంగా ఉంటుంది.

ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు, చాలామంది ఎఫ్‌డీబీ అంటారు, వేరే రకం. ఇరుసు చుట్టూ చేపముల్లు ఆకారంలో సన్నని గాళ్ళు ఉంటాయి. తిరిగేటప్పుడు ఆ గాళ్ళు నూనెను నడిమికి నెట్టి ఒత్తిడి పుట్టిస్తాయి. ఇరుసు ఆ నూనె పొరమీద తేలుతుంది తప్ప లోహానికి లోహం తగలదు. నూనె బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా మూత ఉంటుంది. మీరు వెతకాల్సింది ఇది. పెట్టె మీద ఉట్టి ‘హైడ్రాలిక్’ అని ఉంటే నమ్మవద్దు, నూనె రింగు ఒకటి తగిలించిన మామూలు స్లీవ్‌ను కూడా ఆ పేరుతో అమ్ముతున్నారు. నాలుగో రకం బాల్ బేరింగు. అది వేడిని బాగా ఓర్చుకుంటుంది, ఎలా బిగించినా పనిచేస్తుంది, కానీ మొదటినుంచీ సన్నగా శబ్దం చేస్తుంది. దానిలో నాకు నచ్చే గుణం ఒకటుంది. అది పోయేముందు నెలల తరబడి గోలచేసి చెబుతుంది. స్లీవ్ మాత్రం ఒక రాత్రి రెండరింగ్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఆగిపోయి ఉంటుంది.

మీ పాత ఫ్యాన్లలో బేరింగు ఎంత పోయిందో చూడాలంటే, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, ఫ్యాను నడిమి గుండ్రటి భాగాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పక్కలకు కదపండి. బాగున్న ఫ్యానులో కదలిక తెలియదు, అరిగినది టకటకమని ఆడుతుంది. తర్వాత వేలితో ఒకసారి తిప్పి వదలండి. మెల్లగా తిరిగి నెమ్మదిగా ఆగాలి, పట్టినట్టు చటుక్కున ఆగితే లోపల నూనె ఆరిపోయింది. ముహూర్తాల కాలంలో పని ఆగకూడదనుకుంటే, స్లీవ్ ఫ్యాను వెనక స్టిక్కరు లేపి, కింద రబ్బరు మూత ఉంటే తీసి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేయవచ్చు. కొన్ని వారాలు గడుస్తుంది. అది తాత్కాలిక వైద్యమే. మూతవేసి మూసిన ఎఫ్‌డీబీ ఫ్యాన్లకు ఆ పని చేయకూడదు.

పెట్టెల మీద ఉండే గంటల లెక్కను నమ్మి ధర నిర్ణయించుకోవద్దు. మీ పాత ఫ్యాన్లు పద్నాలుగు నెలల్లో తిరిగింది సుమారు 3,500 గంటలే. మామూలు స్లీవ్ ఫ్యాన్ల మీద 30,000 గంటలని రాసి ఉండటం మీరూ చూసే ఉంటారు. ఆ అంకె ఏ వేడిలో లెక్కగట్టారో చదవండి. 25 డిగ్రీల గదిలో తీసిన అంకెకు మీ క్యాబినెట్‌లోని 50 డిగ్రీల గాలితో సంబంధం లేదు. ఎంటీబీఎఫ్ అనే అంకెనూ అపార్థం చేసుకోకూడదు. నోక్టువా తన ఫ్యాన్లకు 1,50,000 గంటలకు పైగా ఎంటీబీఎఫ్ ఇస్తుంది. మీరు ఏడాదికి నడిపే 3,000 గంటలతో భాగిస్తే యాభై ఏళ్ళు వస్తుంది. ఒక ఫ్యాను యాభై ఏళ్ళు తిరుగుతుందని ఆ కంపెనీ కూడా అనదు. ఎన్నో ఫ్యాన్లు కలిపి నడిపినప్పుడు ఎంత తరచుగా ఒకటి పోతుందో చెప్పే సగటు అది. దానికంటే ఎల్10 అనే అంకె మనకు ఉపయోగం: వందలో పది ఫ్యాన్లు పోవడానికి పట్టే గంటలు. అది దొరకనప్పుడు వారంటీ సంవత్సరాలను చూడండి. కంపెనీ తన జేబులోంచి భరించడానికి సిద్ధపడ్డ కాలం కాబట్టి నేను దానికే ఎక్కువ విలువిస్తాను.

మీ లెక్కనే తీసుకుందాం. లైట్ల సెట్టు 1,200 రూపాయలు, పద్నాలుగు నెలలు వచ్చింది. అంటే నెలకు సుమారు 86 రూపాయలు. నల్ల ఫ్యాన్లు మూడు 2,550 రూపాయలు. ఇవి ముప్పై నెలలు వస్తే చాలు, లైట్ల సెట్టుతో సమానం, ఆపైన నడిచిన ప్రతి నెలా మీకు మిగులే. ఎఫ్‌డీబీ ఫ్యాను ఫిల్టరు వెనక రెండున్నరేళ్ళు నడవాలని కోరడం అత్యాశ కాదు. అదే 8,400 రూపాయల విదేశీ ఫ్యాన్లు అయితే సమానం కావడానికే ఎనిమిదేళ్ళకు పైగా పడుతుంది. నోక్టువా ఇచ్చే వారంటీ ఆరేళ్ళు. అప్పటికి మీ ప్రాసెసర్, క్యాబినెట్ రెండూ మారిపోయి ఉండవచ్చు. ఇందులో ఒంగోలు రానుపోను ఖర్చు, పని ఆగిన రోజు నష్టం కలపలేదు. అవి కలిపితే చవక సెట్టు ఇంకా ప్రియమవుతుంది. ధరలు నెలనెలా మారుతుంటాయి, మీరు కొనే రోజు ధరతో ఇదే లెక్క మళ్ళీ వేసుకోండి.

లైట్ల సెట్టు వద్దనడానికి మన్నిక ఒక్కటే కారణం కాదు. వాటిలో చాలావాటికి ఆ కంపెనీకే సరిపడే ఆరు పిన్నుల కనెక్టరు ఉంటుంది, ఫ్యాన్లన్నిటినీ కలిపే సొంత హబ్బుకే తగులుతుంది. ఒక ఫ్యాను పోతే దాని స్థానంలో బజారులో దొరికే ఇంకో ఫ్యాను పెట్టలేరు, సెట్టంతా మార్చాలి. మరికొన్ని పవర్ సప్లైనుంచి నేరుగా మోలెక్స్ తీగతో కరెంటు తీసుకుని, అవసరమున్నా లేకున్నా ఒకే వేగంతో తిరుగుతూ ఉంటాయి. లైట్లు కావాల్సిందేనని మీకుంటే, మదర్‌బోర్డు మీద లైట్లకు రెండు రకాల సాకెట్లు ఉంటాయని గుర్తుంచుకోండి, మూడు పిన్నుల 5 వోల్టులది ఒకటి, నాలుగు పిన్నుల 12 వోల్టులది ఒకటి. మొదటి రకం లైట్లను రెండోదానికి తగిలిస్తే అవి కాలిపోతాయి.

కొనేటప్పుడు నాలుగు పిన్నుల పీడబ్ల్యూఎమ్ ఫ్యానే అడగండి. మూడు పిన్నుల ఫ్యాను వేగం వోల్టేజీ తగ్గిస్తేనే తగ్గుతుంది, కొన్ని తక్కువ వోల్టేజీలో మొదలే కావు. నాలుగు పిన్నులదానికి 12 వోల్టులు ఎప్పుడూ అందుతూనే ఉంటాయి, వేగాన్ని నాలుగో తీగ మీది సంకేతం నడుపుతుంది. ఈ అదుపు వల్ల వచ్చే లాభం పెద్దది. ఫ్యాను వేగాన్ని ఐదో వంతు తగ్గిస్తే గాలి కూడా ఐదో వంతే తగ్గుతుంది, కానీ అది లాగే కరెంటు దాదాపు సగానికి, శబ్దం సుమారు 5 డెసిబెల్లు తగ్గుతాయి. అయితే ఒత్తిడి మూడో వంతుకు పైగా పడిపోతుంది. అందుకే ఫిల్టరు మురికిపట్టినప్పుడు తక్కువ వేగం పనిచేయదు. బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ప్రాసెసర్ 50 డిగ్రీలలోపు ఉంటే 40 శాతం వేగం, 80 డిగ్రీల దగ్గర పూర్తి వేగం వచ్చేలా పెట్టుకోండి. వేగం మారడానికి కొన్ని సెకన్ల జాప్యం పెడితే ఫ్యాన్లు ఊరికే పైకీ కిందకీ కేకలు పెట్టవు. ఏదైనా ఒక వేగం దగ్గర గుంయ్‌మనే మోత వస్తే ఆ వేగాన్ని దాటవేసేలా అక్కడే అమరిక మార్చుకోవచ్చు.

బిగింపు విషయంలో మీ ఊరికి నా సలహా ఒకటే. లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే గాలికంటే ఎక్కువ ఉండాలి. ముందు రెండు ఫ్యాన్లు ఫిల్టరు వెనక లోపలికి ఊదాలి, వెనక ఒక్కటి బయటికి లాగాలి, దాని వేగం ముందువాటికంటే కొంచెం తక్కువ ఉండాలి. అప్పుడు క్యాబినెట్ లోపల ఒత్తిడి బయటికంటే రవ్వంత ఎక్కువై, పక్క సందుల్లోంచి, యూఎస్‌బీ రంధ్రాల్లోంచి గాలి బయటికే పోతుంది తప్ప దుమ్ము లోపలికి రాదు. దీన్ని తిరగేసి, వెనక, పైన లాగే ఫ్యాన్లు ఎక్కువ పెడితే రాతి పొడి ఫిల్టరు లేని ప్రతి సందులోంచీ లోపలికి చేరుతుంది. క్యాబినెట్ ముందు 140 మిల్లీమీటర్ల ఫ్యానుకు చోటుంటే అదే తీసుకోండి, అంతే గాలిని తక్కువ వేగంతో ఇస్తుంది. పైకప్పు ఖాళీగా ఉంటే అక్కడ ఫ్యాను బిగించవద్దు, ఒక అట్టముక్కతో మూసేయండి.

ఫ్యాను ఏవైపు ఊదుతుందో చూడటంలో అనుభవమున్నవాళ్ళు కూడా తొందరపడతారు. మోటారును పట్టి ఉంచే నాలుగు కమ్మీలు, స్టిక్కరు ఉన్న వైపునుంచి గాలి బయటికి వస్తుంది, నున్నగా రెక్కలు కనబడే వైపునుంచి లోపలికి పోతుంది. బిగించాక ఒక అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పెడితే పొగ లోపలికి పోవాలి, వెనక పెడితే దూరంగా చెదరాలి.

మీలాంటి చోట ఇంకొక మార్గం కూడా ఉంది. ఐపీ67 గుర్తు ఉన్న పారిశ్రామిక ఫ్యాన్లు వస్తాయి. అందులో మొదటి అంకె 6 అంటే దుమ్ము అసలు చొరబడదని, రెండో అంకె 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట మునిగినా తట్టుకుంటుందని అర్థం. నోక్టువాలోనే ఎన్ఎఫ్-ఎఫ్12 ఇండస్ట్రియల్‌పీపీసీ-2000 ఐపీ67 అలాంటిది. ఇవి మోటారును, బేరింగును కాపాడతాయి కానీ ప్రాసెసర్ కూలర్ రేకుల మీద అట్టకట్టే పొడిని ఆపలేవు. కోతమిషను పక్కనే పెట్టి నడిపే కంప్యూటర్‌కైతే వాటిని తప్పకుండా కొనమనేవాణ్ణి. తలుపు మూసుకుని పనిచేసే స్టూడియోకు ఫిల్టరు చాలు.

ఆ ఫిల్టరును మీరు వారానికొకసారి కడగాలి. నైలాన్ జాలీ అయితే నీళ్ళతో కడిగి పూర్తిగా ఆరాక పెట్టండి. నెలకొకసారి క్యాబినెట్‌ను వాకిట్లోకి తెచ్చి బ్లోయరుతో ఊదేటప్పుడు ప్రతి ఫ్యాను రెక్కను వేలితోనో, పుల్లతోనో ఆపి పట్టుకోండి. బ్లోయరు గాలికి రెక్కలు గిర్రున తిరిగితే చూడ్డానికి బాగుంటుంది కానీ అది ఫ్యాను తట్టుకునే వేగానికి మించిపోతుంది, బేరింగు దెబ్బతింటుంది. పైగా తిరిగే మోటారు తిరగేసి కరెంటు పుట్టించి మదర్‌బోర్డుకు పంపగలదు. రెక్కల అంచులను మెత్తని బ్రష్షుతో తుడవండి, ఒకే రెక్కమీద పొడి మిగిలితే తూకం తప్పి ఫ్యాను వణుకుతుంది. పవర్ సప్లై లోపలి ఫ్యాను గరగరమంటే మాత్రం మీరు విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా అందులో కెపాసిటర్లు ప్రమాదకరమైన విద్యుత్తును నిలిపి ఉంచుతాయి. దాన్ని మెకానిక్‌కు ఇవ్వండి, లేదా పవర్ సప్లైనే మార్చండి.

మీ అన్నయ్యగారి సమస్య పైకి ఒకటిలా ఉన్నా వేరు. కొత్తపట్నంలో దుమ్ముకంటే ఉప్పుగాలి ఎక్కువ. అక్కడ బేరింగుతోపాటు కనెక్టరు పిన్నులు, మోటారు చిన్న సర్క్యూటు కూడా తుప్పుపడతాయి. ఫ్యాను ఆగి ఆగి తిరుగుతోందంటే ముందు కనెక్టరు ఊడదీసి పిన్నుల మీద పచ్చటి మరక ఉందేమో చూడమనండి. ఉంటే సర్క్యూట్లకు వాడే కాంటాక్ట్ క్లీనరుతో తుడిచి చూడవచ్చు. నెట్ సెంటర్‌లో రెండరింగ్ వంటి బరువైన పని ఉండదు కాబట్టి ఆ సిస్టమ్‌లకు ఒక్కొక్కదానికి వెనక ఒకటి, ముందు ఒకటి, రెండు ఫ్యాన్లు చాలు. మూడోది కొనే డబ్బుతో సిస్టమ్‌లను సముద్రం వైపు కిటికీకి దూరంగా, నేలమీద కాక బల్లమీదికి మార్చే ఏర్పాటు చేసుకుంటే ఎక్కువ ఉపయోగం. ఆయన ఫ్యాన్లు కూడా మూతవేసిన ఎఫ్‌డీబీ రకమే అయి ఉండాలి. అక్కడ ఐపీ67 ఫ్యాన్లకు పెట్టే ఖర్చు మీకంటే ఆయనకే ఎక్కువ న్యాయం చేస్తుంది, కానీ ముందు ఒక్క సిస్టమ్‌లో పెట్టి, ఒక వానాకాలం గడిచాక మిగతావాటి సంగతి తేల్చుకోమనండి.

కొనేటప్పుడు వారంటీ ఎవరు చూస్తారో, అంగడివాళ్ళా లేక కంపెనీ సర్వీసు సెంటరా, బిల్లు మీద రాయించుకోండి. వారంటీ ఉన్నా ఫ్యానును పంపి తెప్పించుకోవడానికి రోజులు పడుతుంది. అందుకని మూడింటికి బదులు నాలుగు కొని ఒకటి పెట్టెతో సహా బీరువాలో పెట్టుకోండి. మాఘమాసం ముహూర్తాల్లో ఏదైనా ఆగిపోతే పావుగంటలో మీరే మార్చుకోవచ్చు.